డీస్పేస్ రిపాజిటరీలోని 40 వేల రికార్డులను స్క్రిప్ట్‌తో ఎలా తెచ్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఒక రిపాజిటరీలో, అంటే డిజిటల్ భాండాగారంలో, సుమారు 40 వేల థీసిస్‌లు, వ్యాసాలు ఉన్నాయి. వాటన్నిటి శీర్షిక, రచయిత, సంవత్సరం, పీడీఎఫ్ లింకు ఒక షీట్‌లోకి రావాలి. రెస్ట్ ఏపీఐని (ప్రోగ్రాములు సర్వర్‌ను నేరుగా సమాచారం అడిగే దారి) అడిగేలా పైథాన్‌లో స్క్రిప్ట్ రాశారు. పేజీకి 100 మించి ఇవ్వడం లేదు. ఫైల్ లింకుల కోసం ఒక్కో రికార్డుకు మళ్లీ అడగాల్సి వస్తోంది. పని తొందరగా తెములుతుందని ఒకేసారి అడిగేలా 20 థ్రెడ్లు పెడితే సర్వర్ 429 అని, అంటే మరీ ఎక్కువగా అడుగుతున్నారని, తిప్పికొట్టింది. ఈ గోలంతా మానేసి వెబ్ పేజీలనే స్క్రేప్ చేస్తే, అంటే పేజీల్లోంచే సమాచారం ఏరుకుంటే, పోదా అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. మొత్తం కలెక్షన్ కావాలంటే రెస్ట్‌ని వదిలేసి ఓఏఐ-పీఎంహెచ్ వాడండి. రిపాజిటరీల మెటాడేటాను (శీర్షిక, రచయిత, తేదీ లాంటి వివరాలు) మొత్తంగా తెచ్చుకోవడానికే ఉన్న ప్రోటోకాల్ అది, కింద ఓఏఐ అంటే ఇదే. సాధారణంగా అదే సర్వర్లో అదీ నడుస్తూ ఉంటుంది. మీ పని దాదాపు 400 రిక్వెస్టుల్లో అయిపోతుంది. థ్రెడ్లన్నీ తీసేయండి, ఒకదాని తర్వాత ఒకటి అడిగితే చాలు. స్క్రేపింగ్ జోలికి పోకండి. వీటన్నిటికంటే నేను ఎక్కువగా పట్టుబట్టేది ఇంకోటుంది: తెచ్చే స్క్రిప్ట్ వేరుగా, షీట్ తయారుచేసే స్క్రిప్ట్ వేరుగా ఉండాలి. మీ కోడ్‌లో రెండూ ఒకే లూప్‌లో ఉన్నాయి. ఎందుకు విడగొట్టమంటున్నానో కింద నా తిప్పలు చదివితే మీకే తెలుస్తుంది.

పన్నెండేళ్లుగా నా పని ఇదే, ఒక రిపాజిటరీలోని మెటాడేటాను ఇంకోచోటికి చేరవేయడం. ఫోన్‌లో టైప్ చేస్తున్నాను కాబట్టి కోడ్ పెట్టడం లేదు, మాటల్లోనే చెబుతాను.

లెక్క చూడండి

రెస్ట్‌లో వెతికిన ఫలితాలు పేజీకి 100 చొప్పున 400 పేజీలు. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ పీడీఎఫ్ లింకు మామూలుగా ఆ ఫలితాల్లో ఉండదు. ఒక్కో ఐటమ్‌కు, అంటే ఒక్కో థీసిస్‌కో వ్యాసానికో, ఉన్న బండిల్స్ (ఫైళ్ల కట్టలు) ఏమిటో అడగాలి, వాటిలో ఒరిజినల్ అనే బండిల్ పట్టుకోవాలి, దాని కింద ఉన్న బిట్‌స్ట్రీమ్స్, అంటే ఫైళ్లు, తీయాలి. (థంబ్‌నెయిల్, లైసెన్స్ అనే బండిల్స్ కూడా ఉంటాయి. పేరు చూడకుండా మొదటిది తీసుకుంటే మీ షీట్‌లో పీడీఎఫ్‌ల బదులు లైసెన్స్ టెక్స్ట్ ఫైళ్లు వచ్చి కూర్చుంటాయి.) ఐటమ్‌కు ఒక్క రిక్వెస్టే అనుకున్నా, మధ్యలో సెకను చొప్పున ఆగుతూ పోతే 40,000 సెకన్లు, అంటే పదకొండు గంటల పైమాటే. ఆ పదకొండు గంటలు చూసి మీరు థ్రెడ్లు పెట్టారు, థ్రెడ్లు చూసి సర్వర్ తలుపేసింది.

ఓఏఐలో లిస్ట్‌రికార్డ్స్ అని అడిగితే డీస్పేస్ మామూలుగా ఒక్కో విడతకు 100 పూర్తి రికార్డులు పంపుతుంది. 400 విడతలు. సర్వర్ నెమ్మదిగా ఉన్నా గంటలోపు తెమిలిపోయే పని.

మరి ఫైల్ లింకులో? ఇక్కడే చాలామంది ఓఏఐని వదిలేసి వెనక్కి వెళ్లిపోతారు. ప్రతి ఓఏఐ సర్వరూ తప్పనిసరిగా ఇవ్వాల్సిన ఫార్మాట్ సాదా డబ్లిన్ కోర్. అందులో ఉండేవి శీర్షిక, రచయిత, తేదీ లాంటి 15 ఎలిమెంట్లు. ఐడెంటిఫయర్ దగ్గర ఐటమ్ పేజీకి వెళ్లే హ్యాండిల్ (మారకుండా ఉండే లింకు) చిరునామా కనిపిస్తుంది గానీ ఫైల్ చిరునామా మామూలుగా ఉండదు. అయితే సర్వర్ ఇచ్చేది ఆ ఒక్క ఫార్మాటే అనుకోకండి. లిస్ట్‌మెటాడేటాఫార్మాట్స్ అనే వెర్బ్‌తో (ఓఏఐలో అడిగే ఆదేశాన్ని వెర్బ్ అంటారు) ఒకసారి అడిగి చూడండి. డీస్పేస్‌లో ఎక్స్‌ఓఏఐ అనే ఫార్మాట్ సాధారణంగా ఆ జాబితాలో ఉంటుంది. అందులో ఫీల్డులన్నీ విడివిడిగా, వాటితోపాటు బండిల్స్, ఒక్కో ఫైల్ పేరు, సైజు, చిరునామా, చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా వచ్చిందో లేదో పోల్చి చూసే కోడ్) అన్నీ రికార్డులోనే వస్తాయి. మీకు ఒక్కో రికార్డుకు విడిగా అడిగే పనే ఉండదు. అడ్మిన్ దాన్ని మూసేసి ఉంటే మెట్స్, ఓఆర్ఈ అనే ఫార్మాట్లు ఉన్నాయేమో చూడండి, వాటిలోనూ ఫైళ్ల చిరునామాలు ఉంటాయి.

అడిగే తీరు

ఓఏఐ-పీఎంహెచ్ 2.0 వచ్చింది 2002లో. ఇప్పటికీ అందరూ వాడేది అదే వెర్షన్. మొత్తం ఆరు వెర్బులు, ఓ సాయంత్రం కూర్చుంటే స్పెసిఫికేషన్ మొత్తం చదివేయొచ్చు. పాతకాలపు ఎక్స్‌ఎంఎల్ అని పక్కన పెట్టకండి.

మొదట ఐడెంటిఫై అని అడగండి. వచ్చే జవాబు చిన్నదే గానీ నాలుగు పనికొచ్చే సంగతులు ఉంటాయి: అడ్మిన్ ఈమెయిల్, అన్నిటికంటే పాత తేదీ, తేదీని రోజు వరకే ఒప్పుకుంటుందా సెకన్ల దాకానా, తొలగించిన రికార్డుల గురించి చెబుతుందా లేదా.

తర్వాత లిస్ట్‌రికార్డ్స్, పక్కన ఫార్మాట్ పేరు. మొదటి జవాబు వచ్చాక దాన్ని ఫైల్‌గా దాచి, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చిట్టచివరికి వెళ్లండి. అక్కడ రిజంప్షన్ టోకెన్ అనే ట్యాగు, దాని మధ్యలో అర్థంకాని అక్షరాల గొలుసు ఒకటి కనిపిస్తాయి. చాలా సర్వర్లలో ఆ ట్యాగులోనే మొత్తం ఎన్ని రికార్డులో, ఇప్పుడు ఎన్నో రికార్డు దగ్గర ఉన్నామో కూడా రాసి ఉంటుంది. ఆ మొత్తం అంకెను ఎక్కడైనా నోట్ చేసుకోండి, చివర్లో కావాలి. టోకెన్‌ను ఉన్నది ఉన్నట్టు తిరిగి పంపితే తర్వాతి 100 వస్తాయి. దానిలో వంద, రెండొందలు అని అంకెలు కనిపిస్తే మనమే తయారుచేసి పంపొచ్చు కదా అనిపిస్తుంది. వద్దు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారిన రోజున ఆ తెలివితేటలు బెడిసికొడతాయి.

ఈ టోకెన్ దగ్గర నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. రెండూ చెబుతాను.

మొదటిది. టోకెన్ పంపేటప్పుడు వెర్బ్, టోకెన్ ఈ రెండే ఉండాలి, ఫార్మాట్ పేరు మళ్లీ పంపకూడదు. నేను మొదటి రిక్వెస్టు పారామీటర్లకే టోకెన్‌ను జోడించి పంపాను. సర్వర్ బ్యాడ్ ఆర్గ్యుమెంట్ అని చెప్పింది. కానీ ఎలా చెప్పింది? హెచ్‌టీటీపీ స్టేటస్ 200తోనే చెప్పింది. ఓఏఐలో ప్రోటోకాల్ తప్పులు జవాబు లోపల ఎర్రర్ అనే ట్యాగుగా వస్తాయి, స్టేటస్ కోడ్ మాత్రం అంతా బాగుందనే అంటుంది. నా స్క్రిప్ట్ స్టేటస్ ఒక్కటే చూసేది. 200 రాగానే ఫైల్ సేవ్ చేసుకుంటూ, టోకెన్ దొరక్కపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ అదే అడుగుతూ రాత్రంతా పనిచేసింది. పొద్దున లేచి చూస్తే ఫోల్డర్ నిండా ఫైళ్లు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఎంత హాయిగా అనిపించిందో! తీరా ఫైళ్ల సైజులు చూస్తే మొదటిది తప్ప మిగతావన్నీ బైటు తేడా లేకుండా ఒకే సైజు. అన్నిటిలోనూ అదే ఎర్రర్ ట్యాగు. అప్పటినుంచి ఎర్రర్ ట్యాగు ఉందేమో చూడకుండా ఏ ఓఏఐ జవాబునూ నేను సేవ్ చేయను.

రెండోది. ఆఖరి పేజీలో టోకెన్ ట్యాగు మాయమైపోతుందనుకున్నాను. మాయం కాదు, ట్యాగు ఉంటుంది, లోపల ఖాళీగా ఉంటుంది. ట్యాగు ఉందా లేదా అని మాత్రమే చూసే కోడ్ ఆ ఖాళీ టోకెన్‌ను కూడా సర్వర్‌కు పంపేస్తుంది. లోపల అక్షరాలు ఉన్నాయా లేదా అనేది కూడా చూడాలి.

ఇదంతా పైథాన్‌లో మీరే రాసుకోనక్కర్లేదు, సికిల్ అనే లైబ్రరీ ఉంది. పేరుకు అర్థం కొడవలి. మెటాడేటా తెచ్చుకోవడాన్ని హార్వెస్టింగ్ అంటారు కాబట్టి తగిన పేరే. అయినా ఒక్కసారైనా చేత్తో రాసి చూడమంటాను, తర్వాత ఏది ఎక్కడ ఆగిందో కనిపెట్టడం తేలికవుతుంది.

ముడి జవాబు ముందు డిస్క్ మీదికి

ప్రతి జవాబునూ వచ్చింది వచ్చినట్టు వరుస నంబరుతో ఫైల్‌గా రాసుకోండి. అందులోంచి శీర్షికలు, సంవత్సరాలు ఏరే పని రెండో స్క్రిప్ట్‌ది, అది సర్వర్‌తో మాట్లాడకూడదు. 400 ఫైళ్లు డిస్క్ మీద ఉంటే సంవత్సరం తీసే తీరు పదిసార్లు మార్చుకోవచ్చు, సర్వర్‌ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టక్కర్లేదు.

మార్చాల్సి వస్తుందా అంటే తప్పకుండా వస్తుంది. తేదీ ఫీల్డు ఒక్కటే తీసుకోండి. ఒకదానిలో 1998 అని, ఒకదానిలో 1998-03 అని, ఇంకోదానిలో చదరపు బ్రాకెట్లలో 1998 పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంటుంది. సాదా డబ్లిన్ కోర్ తీసుకుంటే ఇంకా తమాషా, ప్రచురించిన తేదీ, రిపాజిటరీలోకి ఎక్కించిన తేదీ రెండూ ఒకే పేరుతో పక్కపక్కన వచ్చేస్తాయి. మొదటిది తీసుకుంటే 1970ల థీసిస్ కూడా స్కాన్ చేసి ఎక్కించిన ఏడాది పేరుతో షీట్‌లో కూర్చుంటుంది. రచయితలూ అంతే, ఒక వ్యాసానికి ఏడుగురు ఉండొచ్చు. మొదటి పేరు తీసుకుని మిగతావి వదిలేయకండి. అన్నిటినీ ఒకే గడిలో పెట్టి మధ్యలో రెండు నిలువు గీతలు పెట్టండి. డీస్పేస్ సొంత సీఎస్‌వీ ఎక్స్‌పోర్టులోనూ అదే పద్ధతి, రేపు ఎవరైనా తిరిగి ఎక్కించాలన్నా పనికొస్తుంది.

తొలగించిన రికార్డులు కూడా మధ్యలో వస్తాయి. వాటికి హెడర్ మాత్రమే ఉంటుంది, మెటాడేటా ఉండదు. ఏరే స్క్రిప్ట్ అక్కడ కూలిపోతుంది. రెండు పనులూ ఒకే లూప్‌లో ఉంటే 31 వేల రికార్డుల దగ్గర కూలి, మళ్లీ మొదటినుంచి. విడిగా ఉంటే ఒక షరతు చేర్చి రెండో స్క్రిప్ట్ మళ్లీ నడిపిస్తారు, అంతే.

ఎక్స్‌ఎంఎల్‌కు కొత్తవాళ్లయితే ఇంకో మాట: ట్యాగు కళ్ల ముందే కనిపిస్తుంటుంది, కోడ్ మాత్రం ఏమీ దొరకలేదంటుంది. నేమ్‌స్పేస్ (ట్యాగు ఏ ఫార్మాట్‌కు చెందిందో చెప్పే పేరు) చేర్చకుండా వెతికితే అంతే. దీని మీద నేను ఒక పూట పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి.

అక్షరాలు పిచ్చి గీతలుగా వస్తే

శీర్షికలు ఇంగ్లిష్ కాని లిపుల్లో ఉన్నప్పుడు వచ్చే తలనొప్పి ఇది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ, టెక్స్ట్ రకంగా వచ్చిన జవాబులో క్యారెక్టర్ సెట్ ఏదో హెడర్ చెప్పకపోతే దాన్ని లాటిన్ అక్షరాలుగా అనుకుని చదివేస్తుంది. తెలుగు శీర్షిక కాస్తా కొమ్ములు, టోపీలు పెట్టిన లాటిన్ అక్షరాల వరుసగా మారిపోతుంది. మందు చిన్నదే. డీకోడ్ చేసిన టెక్స్ట్ తీసుకోవద్దు, ముడి బైట్లు తీసుకుని అలాగే ఎక్స్‌ఎంఎల్ పార్సర్‌కు ఇవ్వండి. ఏ ఎన్‌కోడింగో ఫైల్ మొదటి వరుసలో ఉంటుంది, పార్సర్ చూసుకుంటుంది. సీఎస్‌వీ రాసేటప్పుడు యూటీఎఫ్-8కు బీఓఎమ్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పేలా ఫైల్ మొదట్లో పెట్టే గుర్తు) చేర్చండి, ఎక్సెల్ సరిగ్గా తెరుస్తుంది.

తెలుగు మాటతో వెతికేటప్పుడు ఇంకో చిక్కుంది. సాఫ్ట్‌వేర్ అనే మాటలో పొల్లు టకారానికీ వకారానికీ మధ్య కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, రెండూ వత్తుగా కలిసిపోకుండా ఆపేది అదే. ఒకరు దాంతో టైప్ చేస్తారు, ఒకరు లేకుండా. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఫలితాలు అనుకున్నదానికంటే తక్కువ వస్తే రెండు రకాలుగానూ వెతకండి.

429 గురించి

మీ మీద సర్వర్‌కు కోపమేమీ లేదు, మెల్లగా రమ్మంటోంది. ఎంతసేపు ఆగాలో చాలాసార్లు రిట్రై ఆఫ్టర్ అనే హెడర్‌లో చెబుతుంది. అందులో సెకన్ల అంకె ఉండొచ్చు, పూర్తి తేదీ, సమయం కూడా ఉండొచ్చు. నా స్క్రిప్ట్ అంకె మాత్రమే వస్తుందనుకుని తేదీ వచ్చిన రోజున ఆగిపోయింది. హెడర్ లేకపోతే 5 సెకన్లు, 10, 20, 40 అని పెంచుకుంటూ పోండి. 429 అయినా, సర్వర్ తాత్కాలిక ఇబ్బందిని చెప్పే 502, 503, 504 అయినా మళ్లీ అడగండి. అడిగిన తీరే తప్పనే 400, అలాంటిది లేదనే 404 అయితే అడక్కండి, వందసార్లు అడిగినా అదే జవాబు. టైమ్‌అవుట్ మాత్రం మీరే పెట్టాలి. రిక్వెస్ట్స్ లైబ్రరీలో దానంతటది ఉండదు, సర్వర్ నోరు మూసుకుంటే మీ స్క్రిప్ట్ ఎంతసేపైనా ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

అడిగేది ఎవరో సర్వర్‌కు చెప్పే యూజర్ ఏజెంట్ హెడర్‌లో మీ పని పేరు, మీ ఈమెయిల్ పెట్టండి. ఈమధ్య బాట్ల తాకిడి ఎక్కువై అడ్మిన్లు ఊరూపేరూ లేని స్క్రిప్టులను చూసిన వెంటనే బ్లాక్ చేస్తున్నారు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక సంస్థ రిపాజిటరీని మీలాగే థ్రెడ్లతో అడిగి పట్టపగలు పడుకోబెట్టాను. హెడర్‌లో ఈమెయిల్ ఉండబట్టి వాళ్లు బ్లాక్ చేయకుండా నాకే మెయిల్ రాశారు. చీవాట్లు తిన్నాను గానీ, మొత్తం మెటాడేటా జిప్ చేసి వాళ్లే పంపారు. మీరూ ముందు అడిగి చూడండి, ఐడెంటిఫైలో ఈమెయిల్ ఉందిగా.

స్క్రేపింగ్ మాట

డీస్పేస్ 7 నుంచి వెబ్ పేజీ కూడా వెనకాల అదే రెస్ట్ ఏపీఐని అడిగి మీకు చూపిస్తుంది. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబు తెరిచి జాబితాలోంచి ఒక ఐటమ్ మీద నొక్కండి, ఆ రిక్వెస్టులు వరుసగా కనిపిస్తాయి. అంటే పేజీని స్క్రేప్ చేస్తే అదే సమాచారం కోసం సర్వర్ మీద ఇంకా ఎక్కువ బరువు వేస్తున్నారు, పైగా రేపు పేజీ డిజైన్ మారితే మీ కోడ్ చెత్తబుట్టకే.

రెస్ట్ పనికిరాదని అనను. ఒక రచయితవో, ఒక అంశానికి చెందినవో కొన్ని వందల రికార్డులు కావాలంటే అదే నయం, ఓఏఐలో మాటతో వెతికే వీలే లేదు. అప్పుడు ఐటమ్స్ మాత్రమే కావాలని ఫిల్టర్ పెట్టండి, లేకపోతే కలెక్షన్లు, కమ్యూనిటీలు (ఐటమ్స్‌ను పెట్టే విభాగాలు) కూడా వచ్చి కలుస్తాయి. పేజీ లెక్క సున్నా నుంచి మొదలు. వరుస క్రమం మీరే చెప్పండి, ఎక్కించిన తేదీ పాతది ముందు అని పెడితే మంచిది. నేను కొత్తవి ముందు అని పెట్టి ఒకసారి తీస్తుండగా అటు లైబ్రరీవాళ్లు కొత్తవి ఎక్కిస్తూ పోయారు. పైన ఒకటి చేరిన ప్రతిసారీ కిందివన్నీ ఒక్కో మెట్టు జరిగాయి, పేజీ అంచుల దగ్గర ఉన్నవి రెండుసార్లు వచ్చాయి. వేరే రిపాజిటరీల్లో వెనక ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతికే సాఫ్ట్‌వేర్ ఉంటే, సెట్టింగ్ మార్చకపోతే, 10,000 ఫలితాలు దాటి పేజీలు తిప్పడం కుదరదు. అక్కడ కర్సర్ (ఓఏఐ టోకెన్‌లాగే ఎక్కడిదాకా వచ్చామో చెప్పేది) లాంటిది ఇచ్చారేమో చూడాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్, క్రాస్‌రెఫ్ రెండూ ఇస్తాయి.

తేదీతో జాగ్రత్త

మీ తర్వాతి ప్రశ్న బహుశా 2015 నుంచి 2020 వరకు వచ్చినవి మాత్రమే తెచ్చుకోవచ్చా అని. ఓఏఐలో ఫ్రమ్, అంటిల్ అని రెండు పారామీటర్లు ఉన్నాయి గానీ అవి ప్రచురణ తేదీలు కావు, రికార్డు చివరిసారి మారిన తేదీలు. అన్నీ తెచ్చుకుని మీ దగ్గర వడకట్టుకోండి. వారం వారం కొత్తవి తెచ్చుకోవడానికైతే ఇవి బంగారం. కిందటిసారి మొదటి జవాబులో సర్వర్ వేసిన సమయాన్నే ఈసారి ఫ్రమ్‌గా ఇవ్వండి, మీ కంప్యూటర్ గడియారాన్ని నమ్మకండి, అక్కడ సమయం యూటీసీలో ఉంటుంది. అంచున ఉన్నవి కొన్ని రెండోసారి రావచ్చు, ఐడెంటిఫయర్ చూసి పాతదాని మీద కొత్తది రాసుకుంటే సరి. ఎప్పుడైనా ఉన్నట్టుండి 40 వేలూ మళ్లీ వచ్చేస్తే కంగారు పడకండి, లోపల ఎవరో అన్ని రికార్డుల్లో ఒక ఫీల్డు ఒకేసారి మార్చి ఉంటారు.

అన్నీ వచ్చాక మొదట నోట్ చేసుకున్న అంకెతో, వేర్వేరు ఐడెంటిఫయర్లు ఎన్ని వచ్చాయో పోల్చండి. వరుసలను లెక్కపెడితే చాలదు, ఒకటి రెండుసార్లు వచ్చి ఇంకోటి తప్పిపోయినా వరుసల లెక్క సరిపోతుంది. వెబ్‌సైట్‌లో కనిపించే సంఖ్యతో మాత్రం అచ్చుగుద్దినట్టు కలవకపోవచ్చు. డీస్పేస్‌లో ఓఏఐకి విడిగా ఒక ఇండెక్స్ ఉంటుంది, దాన్ని మామూలుగా రోజుకోసారి తాజా చేస్తారు, నిన్న సాయంత్రం ఎక్కించినవి అందులో ఇంకా చేరి ఉండవు.

లింకులు సరే, తర్వాత పీడీఎఫ్‌లు కూడా దించుకోవాలనిపిస్తే, దించాక సైజు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుస పెట్టి మొదటి పాతిక తెరిచి చూడండి. ఎంబార్గోలో, అంటే ఫైల్ కొంతకాలం బయటపెట్టకూడదనే గడువులో, ఉన్న థీసిస్‌ల మెటాడేటా బయటికి కనిపిస్తుంది, ఫైల్ మాత్రం ఇవ్వరు. స్టేటస్ కోడ్ చూడకుండా సేవ్ చేస్తే పీడీఎఫ్ అని పేరున్న రెండు కేబీల ఫైల్లో లాగిన్ అవ్వండి అనే మాటలు ఉంటాయి. రికార్డులో వచ్చిన చెక్‌సమ్‌తో పోల్చుకుంటే ఇవన్నీ ఒక్క దెబ్బకు బయటపడతాయి.

ఓఏఐతో అడిగినా 429 వస్తుంటే ఆ జవాబు హెడర్లు మొత్తం ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.